బొగ్గు బస్సూ, పెంచలమ్మ నేతి డబ్బాలూ

స్టీరింగు తిప్పడం ఎవరైనా నేర్పుతారు. గేరు మార్చడం పది రోజుల విద్య. ఆ రెండూ వచ్చి, లైసెన్సు జేబులో పడగానే ఇక డ్రైవర్నయిపోయానని మీసం మీద చెయ్యేసుకునే కుర్రవాళ్ళను చూస్తూనే ఉన్నాను. వాళ్ళననేదేముంది, నేనూ ఒకప్పుడు అట్లా చెయ్యేసుకున్నవాణ్ణే. ముప్పయ్యేళ్ళ పైచిలుకు బస్సు నడిపి దిగాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

ఏ సంవత్సరం ఏ రూటు ఇచ్చారు, ఎప్పుడు ఎంత జీతం పెరిగింది, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవి మనుషులూ, వాళ్ళ మూటలూ, నేను చేసిన తప్పులూ. తప్పులు చాలానే చేశాను. వాటిలో ఒకటి మాత్రం కాస్త నిదానంగా చెప్తాను.

దారీ, బొగ్గూ

నేను మొదట నడిపింది ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే ప్రైవేటు బస్సు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి నాలుగేళ్ళు కావస్తున్నా పెట్రోలు రేషన్ మా మీద నుంచి పోలేదు. అందుకని బస్సు బొగ్గుతో నడిచేది. ఈ మాట చెప్తే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వండి. బస్సు వెనకాల నిలువెత్తు ఇనప డ్రమ్ము ఒకటి బిగించి ఉండేది. దాంట్లో బొగ్గులు పోసి, నిప్పు పెట్టి, చేత్తో బ్లోయర్ తిప్పితే అరగంటకు గ్యాసు పుట్టేది. ఆ గ్యాసు గొట్టంలోంచి ముందుకొచ్చి ఇంజన్లో పడితే బండి కదిలేది. కదిలేది అన్నానుగానీ, పరుగెత్తేదని అనలేదు.

బ్లోయర్ తిప్పే పని మా క్లీనరు చెంచయ్యది. క్లీనరంటే పిల్లవాడనుకునేరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ముగ్గురు బిడ్డల తండ్రి. నేను ఆయన్ని మామా అనేవాణ్ణి. ఆయన నన్ను పేరుపెట్టి, రా తగిలించి పిలిచేవాడు. డ్రైవర్ని క్లీనరు రా అనడమేమిటని ఒకరిద్దరు నన్ను రెచ్చగొట్టారు. ఆయన బ్లోయర్ తిప్పకపోతే నా డ్రైవరీ ఎక్కడ? అందుకని నోరు మూసుకున్నాను, అది నేను చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

దారి మట్టిదారి. తోలుకుంటూ తోలుకుంటూ పోతే వాగు, వాగు దాటితే ఎగువ, అంటే నిటారు ఎక్కుడు. ఎగువ దగ్గర బొగ్గు గ్యాసుకు శక్తి చాలేది కాదు. జనమంతా దిగి నడవాల్సిందే, మగవాళ్ళు వెనక చెయ్యి వెయ్యాల్సిందే. టికెట్టు కొనుక్కుని బస్సును తోసేవాళ్ళను ఈ దేశంలో తప్ప ఎక్కడా చూడబోమని ఒక వింజమూరు పంతులుగారు అనేవారు. అంటూనే అందరికంటే ముందు దిగి భుజం ఆనించేవారు. పైకెక్కాక చెంచయ్య మళ్ళీ డ్రమ్ము మూత తీసి, బొగ్గు ఎగదోసి, మంట పెద్దది చేసేవాడు. ఆ సమయంలో వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళ వీపులు కాలిపోయేవి. అందుకే వెనక బెంచీ ఎప్పుడూ ఆఖరున నిండేది.

మనుషులకంటే మూటలే ఎక్కువ

బస్సంటే మనుషుల్ని మోసేదని మీరు అనుకుంటున్నారు. ఆ రోజుల్లో ఆ మెట్ట ప్రాంతానికి బస్సే అంగడి. ఉదయగిరి వైపు నుంచి చింతపండు, ఆముదాలు, తేనె, నెయ్యి, చెక్క గరిటెలు, గొర్రెలు దిగేవి. ఆత్మకూరు నుంచి కిరసనాయిలు, బెల్లం, ఉప్పు, ఎండుచేపలు, గుడ్డల మూటలు ఎక్కేవి. ఎండుచేపల బుట్ట పక్కన గుడ్డల మూట పెడితే షావుకార్లు ఉరిమేవాళ్ళు. గుడ్డల మూట పక్కన గొర్రెను పెడితే ఇంకా ఉరిమేవాళ్ళు.

ఒకసారి టాపు మీద గొర్రెలు ఎక్కించుకున్నాం. చెంచయ్య వద్దన్నాడు, కాపరి బతిమాలాడు, నేను సరేనన్నాను. దారిలో ఒక గొర్రె పైనుంచి పోసిన ధార కిటికీ పక్కన కూర్చున్న షావుకారు తెల్లటి తలపాగా మీదుగా దిగింది. ఆయన మొదట వానేమోనని మురిశాడు. మెట్ట ప్రాంతం కదా, పాపం! ఆ తరువాత వారం రోజులు నా బస్సెక్కలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మూట ఎక్కడ పెట్టాలో తెలియడమే ఆ రోజుల్లో సగం డ్రైవరీ. మనిషి తన చోటు తనే చూసుకుంటాడు. మూటకు నోరు లేదు, దాని తరఫున మనమే చూడాలి. ఈ మాట నాకు చెప్పింది మా ఓనరు. ఆయన పిసినారి, బొగ్గు బస్తాలు తనే లెక్కబెట్టి ఇచ్చేవాడు, టైరు నూలు బయటపడినా ఇంకో నెల పోతుందనేవాడు. అయినా ఈ ఒక్క మాటకు ఆయన్ని ఈనాటికీ గురువంటాను.

ఇసకపెట్టె

అన్ని సరుకుల్లోకీ పెంకి సరుకు నెయ్యి. టాపు మీద పెడితే ఎండకు కరుగుతుంది. వెనక పెడితే డ్రమ్ము సెగకు కరుగుతుంది. కరిగితే ఏమైందంటారా? అక్కడికే వస్తున్నాను.

మంచి గేదె నెయ్యి కాచి, వడగట్టి, కదిలించకుండా చల్లారనిస్తే పూస కడుతుంది. గోధుమరవ్వ లాగా పలుకులు పలుకులుగా వేలికి తగులుతుంది. ఆత్మకూరులో నెయ్యి కొనే మండీల వాళ్ళు ఆ పూసనే చూసేవాళ్ళు. పూస ఉంటే నికార్సయిన నెయ్యి. పూస లేకుండా నున్నగా ఉండి, పైన నూనె తేలితే, వేరుశనగ నూనె కలిపారని అర్థం. వాళ్ళ పరీక్ష అదే, కోర్టూ అదే.

అందుకని నెయ్యి తెచ్చేవాళ్ళ కోసం చెంచయ్య ఒక ఉపాయం చేశాడు. నా సీటుకు వెనక వరుసలో, పొద్దున ఎండ పడని కుడివైపు, సీటు కింద ఒక చెక్కపెట్టె పెట్టాడు. దాన్నిండా వాగు ఇసక పోసి నీళ్ళు చల్లేవాడు. నేతి డబ్బాల్ని ఆ తడి ఇసకలో మెడదాకా పూడ్చేవాడు. బస్సు ఎంత ఎగిరినా ఇసకలో డబ్బా కదలదు, వేడి తగలదు. దాన్ని మేము ఇసకపెట్టె అనేవాళ్ళం. వరికుంటపాడు వైపు నుంచి కూడా నెయ్యి మా బస్సుకే వచ్చేదంటే ఆ పెట్టె మూలంగానే.

అట్లా వచ్చేవాళ్ళలో పెంచలమ్మ ఒకతె. మొగుడు పోయాడు, బిడ్డలు చిన్నవాళ్ళు, నాలుగు బర్రెలూ కొన్ని గొర్రెలూ ఉన్న ఇల్లు. తన వెన్న కాక చుట్టుపక్కల ఆరేడు ఇళ్ళ వెన్న కూడా తీసుకుని కాచి, నెలకొకసారి అయిదేసి వీశెల, అంటే ఇప్పటి ఏడేసి కిలోల, డబ్బాలు రెండు తెచ్చేది. తెల్లవారుజామునే బండి కట్టించుకుని ఉదయగిరి చేరేది. మండీ సుబ్బరామయ్య శెట్టిగారు ఆమె డబ్బా మూత తీసి చూడకుండానే తూకం వేయించేవారు. పదేళ్ళలో ఆమె సంపాదించుకున్న ఆస్తి అదే, మూత తీయకుండా కొనడం. డబ్బాలు నా చేతికిచ్చి ఆమె ముందు వరుసలో ఆడవాళ్ళ పక్కన కూర్చునేది, మళ్ళీ వాటి వంక చూసేది కాదు.

హార్మోనియం

ఉదయగిరికి కొత్తగా ఒక ఆఫీసరుగారొచ్చారు. ఆయనకు పద్యాల పిచ్చి. ఆత్మకూరులో ఎవరో నాటకం వేస్తుంటే ఆయన హార్మోనియంతో సహా బయల్దేరారు. చలికాలం. నా వెనక సీట్లోనే కూర్చుంటానన్నారు, హార్మోనియం తన కాళ్ళ దగ్గరే ఉండాలన్నారు. సీటు కింద ఇసకపెట్టె చూసి ముఖం చిట్లించారు.

"ఈ తడి దీనికి తగిలితే స్వరం పోతుందయ్యా. తీయించు దీన్ని."

ఇసకపెట్టెలో అప్పటికే పెంచలమ్మ డబ్బాలు రెండూ ఉన్నాయి. నేను ఇరవయ్యారేళ్ళ వాణ్ణి, ఆఫీసరంటే లోపల దడ. పైగా, ఆయనతో మంచిగా ఉంటే రేపు బస్సు కాగితాలకు పనికొస్తాడని ఓనరు చెప్పి ఉన్నాడు. పెట్టె తీసి కిందికి దించేయించాను. డబ్బాలు తీసుకెళ్ళి వెనక బెంచీ కింద పెట్టాను.

చెంచయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "యాడ పెడతుండావు రా? డ్రమ్ము ఆడే ఉండాది. సెగ తగులుద్ది."

"చలికాలం మామా, ఏం గాదులే."

"నెయ్యికి చలికాలం తెలుసునా?"

"నువ్వు బ్లోయర్ తిప్పు ముందు," అన్నాను. డ్రైవర్ననే పొగరు ఆ ఒక్కసారి నెత్తికెక్కింది.

ఎగువ దగ్గర అందరూ దిగి నడిచారు. పెంచలమ్మ కూడా నడిచింది. ఆఫీసరుగారు మాత్రం హార్మోనియానికి కాపలాగా బస్సులోనే కూర్చున్నారు. పైకెక్కాక చెంచయ్య మంట పెంచాడు. జనం ఇంకా పైకి రాకముందే నాకెందుకో అనుమానం వచ్చి వెనక్కిపోయి డబ్బా ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఊపితే లోపల గళగళమంది. 

అప్పుడైనా ఆమెను పిలిచి చూపిస్తే సరిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని చేశాను. రెండు డబ్బాలూ ముందుకు తెచ్చి, తడి గోనె చుట్టి, నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. చల్లబడతాయి, ఎవరికీ తెలియదనుకున్నాను. చల్లబడ్డాయి. కానీ నిలకడగా చల్లారాల్సిన నెయ్యి, ఆ దారి గుంటల్లో ఎగిరెగిరి, తడి గోనె మధ్య హడావిడిగా గడ్డకట్టింది. ఆత్మకూరులో ఆమె చేతికి అందించేటప్పటికి డబ్బాలు చల్లగా ఉన్నాయి. నేనే గెలిచాననుకున్నాను.

సున్నం గుర్తు

మండీలో ఆ పొద్దు వేరే ఊరి కొనుగోలుదారు ఒకాయన ఉన్నాడు. సరుకు చూపించమన్నాడు. శెట్టిగారు దర్జాగా పెంచలమ్మ డబ్బా తెప్పించి, ఇది చూడండని మూత తీశారు.

నేను చింతపండు బుట్టలు దింపిస్తూ గుమ్మంలో ఉన్నాను. అంతా నా కళ్ళముందే జరిగింది. శెట్టిగారు వేలు పెట్టారు. చేతి వెనక రుద్దుకున్నారు. మళ్ళీ వేలు పెట్టారు. రెండో డబ్బా తీయించారు. పూస లేదు. వెన్నలా నున్నగా ఉంది, పైన సన్నగా నూనె తేలుతోంది.

"ఏంది పెంచలమ్మా ఇది?"

"ఏంది శెట్టీ?"

"నువ్వే చూడు. చెనిక్కాయ నూనె ఎంత పోసినావు?"

ఆమె వంగి చూసింది.  "నా బిడ్డల మీద ఒట్టు. నేను పూసతోనే మూత పెట్టినాను. ఎట్టా అయిందో నాకు తెలీదు."

"పదేళ్ళు మూత తీయకుండా కొన్నాను. ఎన్నేండ్లు తాగించినావు నాకు నూనె?"

అక్కడొక ఆచారం ఉంది. కల్తీ అని తేలిన డబ్బాకు కొన్నవాడే తన చేత్తో సున్నం గుర్తు వేస్తాడు. ఆ గుర్తు పడిన మనిషి సరుకు ఆ వీధిలో మరే మండీవాడూ ముట్టుకోడు. వేసినవాడు తన చేత్తో తుడిస్తే తప్ప అది పోదు. శెట్టిగారు తాంబూలం సున్నంలో వేలు ముంచి రెండు డబ్బాల మీదా అడ్డంగా గీశారు. గీశాక ఆ వేలు పంచెకు పదేపదే తుడుచుకున్నారు. ఆయనకూ బాధే.

ఆమె డబ్బాలు రెండూ బుట్టలో పెట్టుకుని బయటికొస్తూ నా పక్కనుంచే పోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నేను చింతపండు బుట్ట తడుముకుంటూ నిలబడ్డాను. చెప్తే ఓనరు నన్ను తీసేస్తాడు, ఇంకో బస్సువాడు నన్ను పెట్టుకోడు. నేను ఆలోచించింది ఇదొక్కటే, దాచుకోవాల్సిందేమీ లేదు.

నేనాడిన అబద్ధం

తరువాతి నెల పెంచలమ్మ రాలేదు. ఆమె ఊరి మనిషి ఒకడు బస్సెక్కి వెనకవాడితో చెప్తుంటే విన్నాను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఆమెకు వెన్న ఇవ్వడం మానేశారట. మా వెన్నలో నూనె పోసి మమ్మల్ని కూడా చెడ్డ చేసిందని తిట్టారట. బర్రె ఒకటి అమ్మేసే మాట నడుస్తోందట. ఊరి నోరు మూయగలమా!

చెంచయ్య ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఆఖరుకు నేనే అడిగాను.

"ఏంది మామా అట్టా ఉండావు?"

"ఏం జెప్పేది రా? డబ్బాను ఆడ పెట్టింది నువ్వు. చెప్పాల్సింది నువ్వు. నేను చెప్తే నీ కొంప గూలుద్ది, చెప్పకపోతే ఆయమ్మ కొంప గూలుద్ది. నన్ను నడమన ఇరికించినావు గదరా."

ఆ మరుసటి వారం ఆమె ఉదయగిరి బస్సుల దగ్గరికొచ్చింది. చేతిలో ఆ రెండు డబ్బాల్లో మిగిలిన ఒకటి, దాని మీద సున్నం గీత అట్లాగే ఉంది. తుడిస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ ఆమె తుడవలేదు. వేసినవాడే తుడవాలి కదా. వింజమూరులో ఎవరైనా కొంటారేమో చూద్దామని బయల్దేరిందట. ఆ బస్సు కోసం నిలబడి, నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"అబ్బయా, నువ్వు రోజూ నెయ్యి మోసే మనిషివి. ఎందుకట్టా అయ్యుంటాదో నీకేమన్నా తెలుసునా? నేను కాచేకాడ తప్పు చేసినానా అని నెల దినాలుగా ఆలోచన చేస్తుండా. గిన్నె మార్చినాను, పొయ్యి మార్చినాను. నాకు అంతు బట్టలా."

నన్ను అనుమానించి అడగలేదు. తెలిసినవాణ్ణని అడిగింది.

"నాకేం తెలుసక్కా," అన్నాను.

ఒరే అబ్బాయిలూ, ఇది చదివే డ్రైవర్లూ, డబ్బాలు వెనక పెట్టడం పొరపాటు. చెప్పకుండా దాచడం పిరికితనం. కానీ తన తప్పేమిటో వెతుక్కుంటున్న మనిషి కళ్ళలోకి చూసి నాకేం తెలుసు అనడం ఉందే, దానికి పేరు పెట్టలేను. ముప్పయ్యేళ్ళలో బండి గుంటలో దించాను, గేటుకు గుద్దాను, వాగులో ఇరుక్కున్నాను. వాటి వేటికీ నేను సిగ్గుపడను. ఈ మాటకు ఇప్పుడు కూడా సిగ్గు వేస్తుంది.

ఆ రోజు అన్నం సహించలేదు. మా అవ్వ అడిగితే ఆమెతో మొత్తం చెప్పాను. ఆమె విని, "ఉద్యోగం పోతే గొర్రెలు మేపుకుంటావు. ఆయమ్మ పేరు పోతే ఏం మేపుకోవాల?" అంది. అంతే, లేచి లోపలికెళ్ళింది.

మండీలో చెప్పిన మాట

మర్నాడు ఆత్మకూరులో బస్సు ఆపి, నేరుగా శెట్టిగారి మండీకి పోయాను. జనం పోయాక చెప్దామనుకున్నాను. ఆమెను పదిమందిలో అన్నారు కదా, నేను చాటుగా చెప్తే ఎట్లా? అందుకని అందరూ ఉండగానే చెప్పాను. హార్మోనియం సంగతి, డ్రమ్ము సెగ సంగతి, తడి గోనె సంగతి, అన్నీ చెప్పాను.

శెట్టిగారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"ఆమె నీకు ఏమవుతాది?"

"ఏమీ గాదు శెట్టిగారూ."

"మరి నెల దినాలు యాడికి బోయినావు?"

"ఉద్యోగం పోతాదని భయపడినాను."

"ఇప్పుడు పోదా?"

"పోతాది."

మండీలో ఎవడో నవ్వాడు. శెట్టిగారు నవ్వలేదు. "నీ మాట మీద సున్నం తుడిస్తే రేపు ప్రతివాడూ ఒక డ్రైవర్ని తోడు తెచ్చుకుంటాడు. ఆ నెయ్యి ఉండాదా ఇంకా?"

"ఒక డబ్బా ఉండాది. వింజమూరులో ఎవురూ కొనలేదంట."

"తెప్పించు. నా ముందర కాచి, నా మండీలో నిలకడగా పెట్టిస్తా. నూనె కలిసుంటే పూస రాదు. రాకపోతే ఇద్దరి మొకాల మీదా గీస్తా సున్నం."

సాయంత్రానికల్లా ఈ కబురు ఓనరుకు చేరింది. ఆయన పిలిపించి, నన్ను నిలబెట్టి, చాలాసేపు తల గోక్కున్నాడు. "సరుకు చెడగొట్టేవాడు నాకొద్దు. నిజం చెప్పేవాడు కావాల. రెండూ నువ్వే అయితివి. నిన్నేం చెయ్యమంటావురా?" అన్నాడు.  "పూస రాకపోతే ఆ పొద్దు నుంచి బస్సెక్కబన్లేదు. వస్తే అప్పుడు చూద్దాం," అని పంపేశాడు.

పెంచలమ్మకు కబురు చేసింది చెంచయ్య. నేను పోలేకపోయాను.

మూత తీసిన పొద్దు

ఆమె డబ్బాతో వచ్చింది. బస్సులో నా వంక చూడలేదు. మండీలో శెట్టిగారి మనిషి సన్న సెగ మీద నెయ్యి కరిగించి, పలచటి గుడ్డలో వడగట్టి, కడిగిన డబ్బాలో పోశాడు. శెట్టిగారు దాన్ని మూలన గడ్డిచుట్ట మీద పెట్టించి, గుడ్డ కప్పి, చుట్టూ ముగ్గుతో గిరి గీశారు. దాటినవాడికి చెప్పుదెబ్బలన్నారు. మర్నాడు మా బస్సు వచ్చేదాకా ఎవరూ కదపకూడదు. ఆమె ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళ ఇంట్లో ఉండిపోయింది.

మర్నాడు బస్సు ఎట్లా నడిపానో నాకు తెలియదు. ఎగువ దగ్గర బండి మొరాయిస్తే ఆ రోజు చెంచయ్యే నన్ను ఊరడించాడు. "నిమ్మళంగా పోనీరా. అది పూస గట్టాల్సిందయితే ఈ పాటికే కట్టేసుంటాది. నువ్వు తొందరపడితే ఏమొచ్చుద్ది?"

మండీలో కాలు పెట్టే చోటు లేదు. పెంచలమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. మా ఓనరు కూడా వచ్చాడు. శెట్టిగారు గుడ్డ తీసి, మూత తీసి, వేలు పెట్టారు.  అరచేతిలోకి కొంచెం తీసుకుని వెలుగులో చూశారు. పక్కనున్న మండీ ఆయన చేతిలో కొంచెం పెట్టారు, ఆయన ఇంకొకాయన చేతిలో పెట్టాడు. నాకు దూరానికి ఏమీ కనపడటం లేదు. 

"చూడండయ్యా," అన్నారు శెట్టిగారు. "పలుకు పలుకుగా ఉండాది. ఇంత పూస నేను ఈ ఏడంతా చూళ్ళేదు."

గుడ్డ ఒకటి తడిపి తెమ్మని, డబ్బా మీది గీతను తన చేత్తోనే తుడిచారు. ఎండిపోయి పట్టేసింది, రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది. "పెంచలమ్మా, నేనే పొరబడినాను. నీ నెయ్యి మంచిది, నా తొందర చెడ్డది. మీ ఊళ్ళో కూడా ఈ మాట నా మాటగా చెప్పిస్తా." అన్నట్టే ఆ వారమే తన గుమాస్తాను పంపించి ఆ ఆరేడు ఇళ్ళకూ చెప్పించారు. వ్యాపారి మాట అంటే ఇదీ అని నేను ఆ రోజు నేర్చుకున్నాను.

పెంచలమ్మ శెట్టిగారికి దణ్ణం పెట్టింది. తరువాత జనంలోంచి నా దగ్గరికొచ్చింది. మెచ్చుకుంటుందేమోనని ఒక మూల ఆశ ఉంది, దాచడమెందుకు.

"ఆ పొద్దు బస్సుల కాడ నిన్నడిగినాను. తెలీదన్నావు," అంది.

"తప్పయిపోయిందక్కా."

"డబ్బా సంగతి గాదబ్బయా నేనంటుండేది. సెగ తగిలింది, అయింది, పోయింది. నేను నా పొయ్యిని తిట్టుకున్నాను. నా చేతుల్ని తిట్టుకున్నాను. నువ్వు చూస్తా ఉండావు."

నేను తల దించుకున్నాను. ఏడ్చాను కూడా. ఆమె వెళ్ళిపోయింది.

ఓనరు నన్ను తీసేయలేదు. ఇసకపెట్టెను సీటుకు మేకులేసి బిగించాడు. దాన్ని కదిలించినవాడి ఉద్యోగం కదులుతుందని చెప్పాడు, అది ఆఫీసరైనా సరేనన్నాడు. ఆఫీసరు ఉద్యోగం ఆయనెట్లా కదిలిస్తాడో నేనడగలేదు.

ఒళ్ళో డబ్బా

మరుసటి నెల నుంచి పెంచలమ్మ మా బస్సుకే వచ్చింది. ఆమె వచ్చే వేళకు ఆత్మకూరుకు వేరే బస్సు లేదు. కానీ డబ్బాలు నా చేతికివ్వలేదు, ఇసకపెట్టెలో పెట్టనివ్వలేదు. ఒకటి ఒళ్ళో, ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చునేది. ఎగువ దగ్గర అందరూ దిగితే ఆమె రెండు డబ్బాలూ చంకన పెట్టుకుని దిగి నడిచేది. నేను అద్దంలో చూస్తూ ఉండేవాణ్ణి. ఇవ్వక్కా, నేను పెడతాననే ధైర్యం నాకు లేదు. అడిగే హక్కూ లేదు.

అట్లా రెండేళ్ళకు పైగా గడిచింది. మనిషిని ఎక్కించుకోవడానికి టికెట్టు చాలు, నమ్మకాన్ని ఎక్కించుకోవడానికి ఎన్ని ట్రిప్పులు పడతాయో ఎవరూ చెప్పలేరు. నేను చేయగలిగింది ఒక్కటే. గుంటలు వచ్చినచోట బండి నిదానంగా దించాను. ఎండ పడే పక్క తెర వేయించాను. ఆమె ఒళ్ళో డబ్బా ఉందని గుర్తుపెట్టుకుని ప్రతి బ్రేకూ నొక్కాను. అప్పట్లో దాన్ని శిక్ష అనుకున్నాను. మంచి డ్రైవరీ నాకు వచ్చింది ఆ రెండేళ్ళలోనే అని తరువాత తెలిసింది.

రేషన్ పోయింది, మా బస్సుకు పెట్రోలు ఇంజన్ వచ్చింది, వెనకాల డ్రమ్ము ఊడదీశారు. ఆ వేసవిలో ఒక పొద్దున పెంచలమ్మ ఉదయగిరిలో ఎక్కింది. చిన్నబిడ్డకు జ్వరమట, మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు డబ్బాలూ తెచ్చి, నా సీటు పక్కన నిలబడింది. నేను తల తిప్పి చూశాను.

"ఇసకలో పెట్టు, రమణయ్యా," అని నా చేతుల్లో పెట్టి, పోయి సీట్లో కూర్చుని, బస్సు ఊరు దాటకముందే నిద్రపోయింది.